నల్గొండ, పాలమూరు విద్యాసంస్థల్లో పరిశోధన నెట్‌వర్క్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని విశ్వవిద్యాలయాలు, కాలేజీలు, వ్యవసాయ పరిశోధన కేంద్రాల్లో నెట్‌వర్క్ చూసుకునేవాళ్ల కోసం, ఆ నెట్‌వర్క్ మీద పని జరగాల్సిన అధ్యాపకులు, పరిశోధకుల కోసం ఈ పేజీ. రూటర్, స్విచ్, ఐపీ అడ్రస్ అంటే ఏమిటో తెలుసని అనుకునే రాశాం.

మామూలు బ్రాడ్‌బ్యాండ్ ఉంది కదా, పరిశోధన నెట్‌వర్క్ వేరుగా ఎందుకు?

మామూలు ఇంటర్నెట్ సేవను వేలమంది చిన్న చిన్న పనులకు వాడతారన్న లెక్కతో కడతారు. ఒకరు వీడియో చూస్తారు, ఇంకొకరు ఫీజు కడతారు. పరిశోధనలో అలా ఉండదు. ఒక్క మనిషి, ఒక్క కంప్యూటర్, ఒకే ఫైలును గంటల తరబడి పంపుతుంటారు. ఒక మనిషి జీనోమ్‌ను 30 రెట్ల లోతుతో చదివితే ముడి డేటా 100 జీబీ దాకా ఉంటుంది. ఐరోపా సెంటినెల్-2 ఉపగ్రహం తీసిన ఒక్క టైల్ 600 నుంచి 800 ఎంబీ. పాలెం పరిశోధన స్థానంలో ఎవరైనా వానాకాలం పంట మొత్తాన్ని ఉపగ్రహ చిత్రాలతో చూడాలంటే అలాంటి టైళ్లు పదుల్లో కావాలి.

100 జీబీ డేటా నిండు 1 జీబీపీఎస్ వేగంతో వస్తే పావుగంటలోపే దిగుతుంది. అదే 30 ఎంబీపీఎస్‌తో అయితే ఏడున్నర గంటలు పడుతుంది. మొదటిది ఉంటే పరిశోధకుడు ప్రయోగాన్ని మార్చి మార్చి చేసి చూస్తాడు. రెండోదే దిక్కైతే హార్డ్ డిస్క్ పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కుతాడు.

నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్, ఎర్నెట్, ఇన్‌ఫ్లిబ్‌నెట్... ఎవరి దగ్గరికి దేనికి వెళ్లాలి?

వీటిలో పాతది ఎర్నెట్. 1986లో ప్రాజెక్టుగా మొదలైంది. ఏసీ డాట్ ఇన్, ఈడీయూ డాట్ ఇన్, ఆర్‌ఈఎస్ డాట్ ఇన్ డొమైన్లు ఇచ్చేది, మన దేశంలో ఎడ్యురోమ్ (ఒక కాలేజీ లాగిన్‌తో వేరే క్యాంపస్ వైఫై కూడా వాడుకునే ఏర్పాటు) నడిపేది ఎర్నెట్టే. నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌కు కేంద్రం 2010లో ఆమోదం తెలిపింది. దాన్ని ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) నడుపుతుంది. విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలను అధిక వేగపు లింకులతో కలపడం దాని పని. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ లైబ్రరీల వైపు చూసుకుంటుంది. అంటే పత్రికల చందాలు, కాలేజీ ఖాతాతో బయటి నుంచి ఆ పత్రికలు చదివే ఇన్‌ఫెడ్ లాగిన్ వంటివి. ప్రపంచంలో అటువైపు అమెరికాలో 1996లో మొదలైన ఇంటర్నెట్2, ఐరోపాలో జియాంట్ ఇదే కోవకు చెందినవి.

మన లింకు భౌతికంగా బీఎస్ఎన్ఎల్, రైల్‌టెల్, పవర్‌గ్రిడ్ వంటి సంస్థల ఫైబర్ మీదే వస్తుంది. అందుకే ఫైబర్ తెగితే ఒకరికి, రూటింగ్ చెడితే ఇంకొకరికి చెప్పాల్సి ఉంటుంది. ఆ రెండు నంబర్లూ సర్వర్ గది తలుపు మీద అతికించి ఉంచండి.

లింకు 1 జీబీపీఎస్. హైదరాబాద్‌కు స్పీడ్ టెస్ట్ చేస్తే బ్రహ్మాండంగా ఉంది. ఢిల్లీ నుంచి ఫైలు తెస్తే మాత్రం 30 ఎంబీపీఎస్ దాటదు. మోసపోయామా?

మోసమేమీ లేదు. అందరూ అడిగే ప్రశ్న ఇదే కాబట్టి నిదానంగా చూద్దాం.

ఫైళ్లను పాకెట్లుగా పంపే పద్ధతి టీసీపీ. అది కొంత డేటా పంపి, 'అందింది' అన్న జవాబు కోసం చూస్తుంది. ఆ జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం నల్గొండ నుంచి హైదరాబాద్‌కు 1 లేదా 2 మిల్లీసెకన్లు, ఢిల్లీకి సుమారు 40, ఐరోపాకు 150 దాకా. దారిలో ఒక్క పాకెట్ పోయినా టీసీపీ దాన్ని రద్దీగా భావించి వేగం తగ్గించుకుంటుంది. మళ్లీ మెల్లగా పెంచుకుంటూ పోతుంది. ఆ పెంచుకోవడం ఒక్కో జవాబుకు ఒక్కో మెట్టు చొప్పున జరుగుతుంది. దూరం ఎక్కువైతే ఒక్కో మెట్టుకూ పట్టే సమయం పెరుగుతుంది.

దీనికి ఒక సూత్రం ఉంది. పాకెట్‌లోని డేటా పరిమాణాన్ని రాకపోకల సమయంతో భాగించి, వచ్చినదాన్ని నష్టం రేటు వర్గమూలంతో భాగిస్తే, పాత పద్ధతి టీసీపీకి దక్కే వేగం సుమారుగా తెలుస్తుంది. పాకెట్ డేటా 1460 బైట్లు, నష్టం 10,000లో ఒకటి అనుకోండి. 40 మిల్లీసెకన్ల దూరానికి 30 ఎంబీపీఎస్ దగ్గర వస్తుంది. అదే నష్టంతో 1 మిల్లీసెకను దూరానికి 1 జీబీపీఎస్ పైనే వస్తుంది. అంటే నష్టం రెండు చోట్లకూ ఒక్కటే. హైదరాబాద్ టెస్ట్‌లో అది దాక్కుంటుంది, ఢిల్లీ టెస్ట్‌లో బయటపడుతుంది. ఇప్పటి లినక్స్‌లో ఉండే క్యూబిక్ పద్ధతి దీనికంటే కొంత నయం, బీబీఆర్ ఇంకా నయం. కానీ నష్టాన్ని అలాగే ఉంచి పద్ధతి మార్చడం మందు కాదు.

రెండో కారణం బఫర్, అంటే పంపే, అందుకునే మిషన్లు డేటాను తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ. ఎంత డేటా ఒకేసారి దారిలో ఉండగలదో లెక్కేయాలంటే లింకు వేగాన్ని రాకపోకల సమయంతో గుణించాలి. 1 జీబీపీఎస్, 40 మిల్లీసెకన్లకు 5 ఎంబీ. ఐరోపాకైతే దాదాపు 19 ఎంబీ. లినక్స్‌లో మామూలుగా టీసీపీ పంపే బఫర్ గరిష్ఠం 4 ఎంబీ, అందుకునేది 6 ఎంబీ. అది ఐరోపాకు చాలదు. 4 ఎంబీతో 150 మిల్లీసెకన్ల దూరానికి 213 ఎంబీపీఎస్ మించి రాదు, లింకు ఎంత మంచిదైనా సరే. డేటా పంపే మిషన్‌లో కెర్నెల్ పరిమితిని 64 ఎంబీకి, టీసీపీ గరిష్ఠాన్ని 32 ఎంబీకి పెంచండి. రెండు చివర్లా పెంచాలి, ఒక చివర పెంచితే ఫలితం ఉండదు. పాత పరికరాల్లో విండో స్కేలింగ్ ఆపేసి ఉంటే విండో (జవాబు రాకముందే పంపగల డేటా) 64 కేబీ దగ్గర ఆగిపోతుంది. అప్పుడు ఢిల్లీకి 13 ఎంబీపీఎస్ మాత్రమే వస్తుంది. స్పీడ్ సరిగ్గా 13 దగ్గర గీత గీసినట్టు ఆగిందంటే ముందు చూడాల్సింది ఇదే.

ఆ నష్టం ఎక్కడ జరుగుతోందో ఎలా పట్టుకోవాలి?

దారిని ముక్కలుగా కోసి ఒక్కో ముక్కనూ విడిగా కొలవాలి. ఈ వరుసలో వెళ్లండి.

1. ల్యాప్‌టాప్‌ను వైఫైతో కాకుండా కేబుల్‌తో, నేరుగా బయటి రూటర్ పక్కన ఉన్న స్విచ్‌కు కలిపి ఐపెర్ఫ్3 (వేగం కొలిచే ప్రోగ్రాం) టెస్ట్ చేయండి. 30 సెకన్ల పాటు, రెండు దిశల్లోనూ. ఇక్కడ బాగుంటే తప్పు క్యాంపస్ లోపలే ఉంది.
2. అక్కడి నుంచి ఒక్కో స్విచ్ దాటుకుంటూ ల్యాబ్ వైపు రండి. ఏ స్విచ్ దాటగానే వేగం పడిందో అక్కడ ఆగండి.
3. ఆ పోర్టు కౌంటర్లు చూడండి. సీఆర్‌సీ తప్పులు (చెడిపోయి అందిన డేటా లెక్క) పెరుగుతుంటే కేబుల్, కనెక్టర్ లేదా ఎస్ఎఫ్‌పీది (స్విచ్‌కు ఫైబర్ కలిపే మాడ్యూల్) తప్పు. లేట్ కొలిజన్లు కనిపిస్తే డ్యూప్లెక్స్ (ఒకేసారి రెండు దిశల్లో పంపే ఫుల్, ఒకసారికి ఒక దిశలోనే పంపే హాఫ్) పొంతన కుదరలేదు. అవుట్‌పుట్ డ్రాపులు పెరిగితే స్విచ్ బఫర్ చాలడం లేదు.
4. కౌంటర్లను సున్నా చేసి, మళ్లీ టెస్ట్ పెట్టి, మళ్లీ చూడండి. మూడేళ్ల కిందటి తప్పులు చూసి ఇవాళ కేబుల్ మార్చడం వృథా.

డ్యూప్లెక్స్ సమస్య మన కాలేజీల్లో ఇంకా కనిపిస్తుంది. కారణం ఫైబర్‌ను రాగి కేబుల్‌కు కలిపే పాత మీడియా కన్వర్టర్లు. ఒక వైపు 100 ఫుల్ అని బిగించి, రెండో వైపు ఆటో పెడితే, ఆటో వైపు హాఫ్‌కు దిగిపోతుంది. చిన్న పనులు నడుస్తాయి, పింగ్ కూడా పోతుంది. పెద్ద ఫైలు పెట్టగానే కూలబడుతుంది. రెండు వైపులా ఆటో పెట్టండి, లేదా కన్వర్టర్ తీసేసి స్విచ్‌లోనే ఎస్ఎఫ్‌పీ పెట్టండి.

దారిలోని ఒక్కో రూటర్ దగ్గర నష్టం, ఆలస్యం చూపించే ఎమ్‌టీఆర్ ప్రోగ్రాం చూసేటప్పుడు ఒక జాగ్రత్త. మధ్యలోని ఏదో ఒక రూటర్ దగ్గర 40 శాతం నష్టం చూపించి, తర్వాతి రూటర్ల దగ్గర సున్నా ఉంటే అది నష్టం కాదు. ఆ రూటర్ తనకు వచ్చే పింగులకు జవాబివ్వడం తగ్గించుకుంటోంది, అంతే. ఒక చోట మొదలైన నష్టం చివరి దాకా కొనసాగితేనే లెక్కలోకి తీసుకోవాలి. ఈ తేడా తెలియక ఎన్నో ఫిర్యాదులు తప్పుడు చోటికి వెళ్తుంటాయి.

హైదరాబాద్ వంద కిలోమీటర్లే కదా, పింగ్ 35 మిల్లీసెకన్లు ఎందుకు చూపిస్తోంది?

ఫైబర్‌లో వెలుగు కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. వంద కిలోమీటర్లకు పోను రాను కలిపి 1 మిల్లీసెకను. పరికరాల సమయం, ఫైబర్ వంకరదారి కలిపినా 2, 3 దాటకూడదు. 35 వస్తోందంటే మీ పాకెట్ ముంబై, చెన్నై లేదా ఢిల్లీ చూసి వస్తోందన్నమాట. మీ సర్వీసు సంస్థ, అవతలి సంస్థ హైదరాబాద్‌లో ఒకదానితో ఒకటి కలవడం లేదు. ట్రేస్‌రూట్ తీస్తే రూటర్ల పేర్లలోనే ఊరి గుర్తు కనిపిస్తుంది. ఆ ట్రేస్‌ను జతచేసి ఫిర్యాదు చేయండి. బ్యాండ్‌విడ్త్ పెంచితే ఇది తగ్గదు.

ఫైర్‌వాల్ తీసేస్తేనే వేగం వస్తుందంటున్నారు. అది ప్రమాదం కాదా?

క్యాంపస్ మొత్తానికీ తీసేయమని ఎవరూ అనరు. అమెరికా ఇంధన శాఖ నెట్‌వర్క్ ఈఎస్‌నెట్ రూపొందించిన పద్ధతి ఒకటి ఉంది, దాని పేరు సైన్స్ డీఎంజెడ్. పరిశోధన డేటా మార్చే మిషన్‌ను క్యాంపస్ సరిహద్దు రూటర్‌కు దగ్గరగా, ఫైర్‌వాల్‌కు వెలుపల పెట్టి, దానికి విడిగా, కట్టుదిట్టంగా రక్షణ కల్పిస్తారు.

ఎందుకంటే '10 జీబీపీఎస్' అని రాసి అమ్మే ఫైర్‌వాల్ లోపల చాలాసార్లు చిన్న చిన్న ప్రాసెసర్లు వరుసగా ఉంటాయి. వందల చిన్న కనెక్షన్లను అవి పంచుకుని నెట్టుకొస్తాయి. ఒకే పెద్ద కనెక్షన్ వస్తే అదంతా ఒకే ప్రాసెసర్ మీద పడుతుంది. దాని బఫర్ నిండి పాకెట్లు రాలిపోతాయి. పైన చెప్పిన 10,000లో ఒకటి నష్టం చాలాసార్లు పుట్టేది ఇక్కడే.

రక్షణ ఎలాగంటే, ఆ మిషన్‌లో డేటా మార్పిడి తప్ప ఇంకేమీ ఉండకూడదు. మెయిల్, వెబ్‌సైట్, డెస్క్‌టాప్ ఏవీ పెట్టొద్దు. రూటర్‌లో యాక్సెస్ లిస్టు రాసి, అవసరమైన పోర్టులే తెరవాలి. పెద్ద ఫైళ్లు మార్చే గ్లోబస్ సేవ వాడితే 443, ఇంకా 50000 నుంచి 51000 వరకు టీసీపీ పోర్టులు కావాలి. ఎస్ఎస్‌హెచ్‌ను క్యాంపస్ లోపలి అడ్రస్‌లకే పరిమితం చేయండి, పాస్‌వర్డ్ లాగిన్ మూసేసి కీ లాగిన్ మాత్రమే ఉంచండి. విద్యార్థుల కంప్యూటర్లు, ఆఫీసు, పరీక్షల విభాగం ఎప్పటిలాగే ఫైర్‌వాల్ వెనకే ఉంటాయి.

లింకు నాణ్యతను ఎప్పటికప్పుడు కొలిచే పర్ఫ్‌సోనార్ పెట్టాలంటే ఖరీదైన సర్వర్ కావాలా?

అక్కర్లేదు. 1 జీబీపీఎస్ లింకుకు మంచి నెట్‌వర్క్ కార్డు ఉన్న మామూలు డెస్క్‌టాప్ చాలు. వర్చువల్ మిషన్‌లో మాత్రం పెట్టకండి, గడియారం కదులుతుంది, లేటెన్సీ కొలతలు నమ్మదగ్గవిగా ఉండవు. పర్ఫ్‌సోనార్ ఉచితం, దాని మూల కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. సెకనుకు 10 చిన్న పాకెట్లు పగలూ రాత్రీ పంపుతూ నష్టాన్ని, ఆలస్యాన్ని రాస్తూ ఉంటుంది. వేగం టెస్ట్‌ను రోజుకు నాలుగైదు సార్లు, 20 సెకన్ల చొప్పున పెట్టుకుంటే చాలు. గంటగంటకూ పెడితే లింకు మీద మీరే బరువు వేస్తారు. గడియారానికి నాలుగు ఎన్‌టీపీ (సమయం సరిచేసే) సర్వర్లు ఇవ్వండి.

దీన్ని లింకు వచ్చిన మొదటి వారంలోనే నడిపించడం ముఖ్యం. బాగున్నప్పటి గ్రాఫు చేతిలో లేకపోతే, చెడ్డప్పుడు ఎంత చెడిందో ఎవరికీ చూపించలేరు.

లింకు, బఫర్ అన్నీ సరిచేశాం. అయినా కెమెరా ఫొటోల ఫోల్డర్ కాపీ నత్తనడకే నడుస్తోంది.

ఫైళ్లు చిన్నవి, లెక్క పెద్దది కావడమే కారణం. అమ్రాబాద్ అడవిలో కెమెరా ట్రాప్ పెట్టినా, పొలాల్లో డ్రోన్ ఎగరేసినా లక్ష ఫొటోలు చేరడం వింత కాదు. ఒక్కో ఫైలుకూ తెరవడం, హక్కులు చూడటం, మూయడం అన్న తంతు ఉంటుంది. ప్రతి ఫైలుకూ ఒకే ఒక్క రాకపోక పట్టినా 40 మిల్లీసెకన్ల దూరానికి లక్ష ఫైళ్లకు 4,000 సెకన్లు, అంటే గంటకు పైగా, ఒక్క బైటు డేటా లెక్కించకముందే పోతాయి. ముందుగా టార్ చేసి (చాలా ఫైళ్లను ఒకే ఫైలుగా కట్టి), 5 నుంచి 10 జీబీ కట్టలుగా పంపండి. లేదా ఆర్‌క్లోన్, గ్లోబస్ వంటి వాటితో ఒకేసారి 8 నుంచి 16 ఫైళ్లు నడపండి. జేపీఈజీ ఫొటోలను మళ్లీ కుదించడం దండగ, సీపీయూ సమయం పోతుంది తప్ప సైజు తగ్గదు. పంపాక షా-256 చెక్‌సమ్ (ఫైలు మారలేదని చూపే గుర్తు) సరిచూసుకున్నాకే కార్డు చెరిపేయండి.

హార్డ్ డిస్క్ వేగం కూడా చూసుకోండి. ఒకే తిరిగే డిస్క్ సెకనుకు 150 నుంచి 200 ఎంబీ రాయగలదు, అది కూడా వరుసగా రాస్తేనే. 10 జీబీపీఎస్ లింకు అంటే సెకనుకు 1,250 ఎంబీ. అక్కడ ఎన్‌వీఎంఈ డిస్కులు లేకపోతే లింకు సగం కూడా నిండదు.

ఫైబర్‌కు ఏ ఎస్ఎఫ్‌పీ కొనాలి? పెట్టె మీద 10 కి.మీ. అని ఉంది, మాకు 6 కిలోమీటర్లే.

పెట్టె మీది కిలోమీటర్లు నమ్మి కొనకండి, డీబీ (వెలుగు నష్టం కొలత) లెక్క వేయండి. 1310 నానోమీటర్ల దగ్గర సింగిల్ మోడ్ ఫైబర్ కిలోమీటరుకు 0.35 డీబీ తింటుంది. 6 కిలోమీటర్లకు 2.1. దారిలో అయిదు స్ప్లైసులు (ఫైబర్ అతుకులు), ఒక్కోటి 0.1 చొప్పున 0.5. నాలుగు కనెక్టర్లు, ఒక్కోటి 0.5 చొప్పున 2. మొత్తం 4.6 డీబీ. రేపు ఫైబర్ తెగి మళ్లీ అతికితే వచ్చే నష్టానికి 3 డీబీ పక్కన పెట్టుకోండి. అప్పుడు 7.6.

10జీ ఎల్ఆర్ ఆప్టిక్ ప్రమాణం ప్రకారం కనీసం పంపేది మైనస్ 8.2 డీబీఎం, కనీసం అందుకోగలిగేది మైనస్ 14.4. తేడా 6.2 డీబీ. అది 4.6 కంటే ఎక్కువ కాబట్టి ఇవాళ నడుస్తుంది, 7.6 కంటే తక్కువ కాబట్టి రెండు మూడు సార్లు తెగి అతికాక నడవకపోవచ్చు. మధ్యలోని ప్యాచ్ ప్యానెల్ తీసేసి నేరుగా స్ప్లైస్ చేయిస్తే రెండు కనెక్టర్లు తగ్గి 1 డీబీ మిగులుతుంది. ఇంత దూరానికి భయపడి 40 కిలోమీటర్ల ఈఆర్ కొంటే ఇంకో చిక్కు. దాని వెలుగు ఎక్కువ, అటెన్యుయేటర్ పెట్టకపోతే అవతలి రిసీవర్ తట్టుకోలేదు.

ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలం అడాప్టర్‌లో దూర్చకండి. ఆకుపచ్చది ఏపీసీ, కొస ఏటవాలుగా చెక్కి ఉంటుంది. నీలంది యూపీసీ. ఇంటింటికీ ఫైబర్ వేసే కుర్రాళ్ల దగ్గర ఆకుపచ్చవే ఎక్కువ ఉంటాయి. హడావుడిలో అదే బిగించి పోతారు, లింకు వెలుగుతుంది, కానీ నష్టం పేరుకుంటుంది. ఒకే పోగు మీద నడిచే బైడై ఎస్ఎఫ్‌పీలైతే రెండు చివర్లా వేర్వేరు రంగులు ఉండాలి, ఒకే రకం రెండు కొంటే వెలగవు. ఇక కనెక్టర్‌ను పెట్టే ప్రతిసారీ క్లీనర్ పెన్నుతో తుడవండి. మన దగ్గరి ఎర్రదుమ్ముకు ఇది తప్పనిసరి.

ఫైబర్ తెగితే చోటు పట్టుకోవడానికి గంటలు పడుతోంది.

లింకు కొత్తగా వేసిన రోజునే ఓటీడీఆర్ (ఫైబర్ పొడవునా నష్టం ఎక్కడుందో చూపే పరికరం) ట్రేస్ తీయించి దాచుకోవాలి, 1310 నానోమీటర్ల మీద ఒకటి, 1550 మీద ఒకటి. 1550 మీద మాత్రమే నష్టం ఎక్కువ చూపిస్తే కేబుల్ ఎక్కడో గట్టిగా వంగింది. రెండింటి మీదా ఒకేలా చూపిస్తే స్ప్లైస్ లేదా కనెక్టర్‌లో లోపం. ఓటీడీఆర్ చెప్పేది ఫైబర్ పొడవు, రోడ్డు పొడవు కాదు. ప్రతి ఛాంబర్‌లో పది ఇరవై మీటర్ల చుట్ట వదులుతారు. అందుకని కల్వర్టులు, కిలోమీటరు రాళ్లు, ఛాంబర్ల దగ్గర ఫైబర్ దూరం ఎంతో ఒక పట్టిక రాసి పెట్టుకోండి. అప్పుడు '4.3 కిలోమీటర్లు' అన్న అంకె ఫలానా కల్వర్టు దాటాక అని అర్థమవుతుంది. మొదటి కొన్ని మీటర్లు ఓటీడీఆర్‌కు కనిపించవు, 500 మీటర్ల లాంచ్ కేబుల్ వాడమనండి.

తెగేది ఎక్కువగా రోడ్డు విస్తరణలో, జేసీబీ తవ్వకాల్లో. మిషన్ భగీరథ పైపుల వెంటే టీ-ఫైబర్ డక్టులు వేశారు కాబట్టి, పైపు లీకుకు తవ్విన చోట ఫైబర్‌కూ ముప్పు ఉంటుంది.

రెండు లింకులు తీసుకుంటే సరిపోతుందా?

రెండూ ఒకే కందకంలో ఉంటే ఒకే జేసీబీ రెండింటినీ తెంపుతుంది. రెండు కంపెనీల పేర్లు వేరుగా ఉండటం చాలదు, రూట్ మ్యాపు అడగండి. నల్గొండకు ఒక దారి నార్కట్‌పల్లి మీదుగా 65వ జాతీయ రహదారి వెంట, ఇంకోటి బీబీనగర్-నడికుడి రైలు మార్గం వెంట దొరికితే మంచి జోడీ. మహబూబ్‌నగర్‌కు జడ్చర్ల దగ్గర 44వ జాతీయ రహదారి ఒకవైపు, సికింద్రాబాద్-డోన్ రైలు మార్గం ఇంకోవైపు. రైలు పట్టాల వెంట పోయేది రైల్‌టెల్ ఫైబర్.

రెండు లింకులు పెట్టాక వచ్చే కొత్త సమస్య రూటింగ్‌ది. వెళ్లే పాకెట్ ఒక లింకులో, జవాబు ఇంకో లింకులో వస్తే ఫైర్‌వాల్ ఆ కనెక్షన్ మొదలవడం చూడలేదని జవాబును పారేస్తుంది. కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు. ఏదీ పూర్తిగా ఆగిపోదు కాబట్టి కారణం దొరకదు. రెండు లింకులూ ఒకే ఫైర్‌వాల్ మీదకు రావాలి, లేదా ఒక్కో అడ్రస్ సమూహం ఎప్పుడూ ఒకే లింకులో వెళ్లి రావాలి. సొంత అడ్రస్‌లు, ఏఎస్ నంబరు (బయటి ప్రపంచంలో మీ నెట్‌వర్క్‌కు గుర్తింపు) కావాలంటే మన దేశంలో వాటిని ఇచ్చే ఐఆర్‌ఐఎన్ఎన్ దగ్గర తీసుకుని, మీ అడ్రస్‌లను బయటి రూటర్లకు ప్రకటించే బీజీపీ నడపాలి. బయటి ప్రపంచం ఐపీవీ4లో /24 కంటే చిన్న ముక్కను, ఐపీవీ6లో /48 కంటే చిన్న ముక్కను సాధారణంగా ఒప్పుకోదు. ప్రకటించే ముక్కలకు ఆర్‌పీకేఐలో ఆర్ఓఏ (ఆ అడ్రస్‌లను ప్రకటించే హక్కు మీదేనన్న డిజిటల్ పత్రం) తయారుచేసుకోండి.

ఎండాకాలంలోనే ఎందుకు ఎక్కువ చెడిపోతాయి?

యూపీఎస్ బ్యాటరీలను 25 డిగ్రీల దగ్గర లెక్కగట్టి ఆయుష్షు రాస్తారు. ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుంది. 45 డిగ్రీల గదిలో నాలుగేళ్ల బ్యాటరీ ఏడాదే వస్తుంది. అంతస్తుల్లో పెట్టే మామూలు స్విచ్‌లు చాలావరకు 45 డిగ్రీల దాకానే పనిచేస్తాయి. రేకుల కింద మూసి పెట్టిన బీరువాలో మే నెల మధ్యాహ్నం అది దాటిపోతుంది. కరెంటు పోయి వచ్చాక ఏసీ దానంతటది మళ్లీ మొదలవుతుందో లేదో చూడండి. ఆదివారం ఎవరూ లేనప్పుడు పోయే సర్వర్లకు సగం కారణం అదే.

ఎర్తింగ్‌ను వానాకాలంలో కొలిచి బాగుందనుకోవద్దు. కింద రాయి, పైన ఎర్రమట్టి ఉన్న నేలలో తేమ ఆరగానే నిరోధం పెరుగుతుంది. ఏప్రిల్, మేలో కొలవండి. 5 ఓమ్‌ల లోపు ఉండాలి, పరికరాల గదికి 1 ఓమ్ దగ్గరికి వస్తే మేలు. భవనానికి భవనానికి మధ్య రాగి కేబుల్ వేయకండి, 80 మీటర్లే అయినా సరే. దగ్గర్లో పిడుగు పడితే రెండు భవనాల ఎర్త్ మధ్య వచ్చే వోల్టేజీ ఆ కేబుల్ గుండానే పోయి రెండు స్విచ్‌లనూ కాలుస్తుంది. అక్కడ ఫైబరే వేయాలి.

వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ఉంది, అయినా పత్రికలు డబ్బు కట్టమంటున్నాయి.

2025 జనవరి 1న మొదలైన ఈ పథకం కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే విద్యాసంస్థలకు 13,000కు పైగా పత్రికలు అందుతాయి. ప్రచురణకర్త మిమ్మల్ని గుర్తుపట్టేది మీ బయటి ఐపీ అడ్రస్‌తో. లింకు మార్చిన కాలేజీ ఆ సంగతి ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు చెప్పకపోతే తలుపు మూసుకుంటుంది. మీ రూటర్ బయటి వైపు అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది మీ సొంతం కాదు. సర్వీసు సంస్థ అదే బయటి అడ్రస్‌ను ఇంకా ఎందరికో పంచుతోంది. స్థిరమైన పబ్లిక్ అడ్రస్ తీసుకోండి. ఇంటి నుంచి చదవాలంటే ఇన్‌ఫెడ్ లాగిన్ ఉంది.

ఎడ్యురోమ్ పెట్టాం, మా పిల్లలకు వేరే క్యాంపస్‌లో కలవడం లేదు.

మీ క్యాంపస్‌లో కలిసి బయట కలవకపోతే ముందుగా యూజర్‌నేమ్ చూడండి. పేరు తర్వాత @ గుర్తు, కాలేజీ డొమైన్ పూర్తిగా ఉండాలి. సొంత క్యాంపస్‌లో డొమైన్ లేకపోయినా నడుస్తుంది కాబట్టి పిల్లలు దాన్ని వదిలేస్తారు. బయటికెళ్తే అభ్యర్థనను ఎవరికి పంపాలో అక్కడి రేడియస్ (లాగిన్ సరిచూసే) సర్వర్‌కు తెలియదు. మీ సర్వర్‌లోనే డొమైన్ లేని పేర్లను తిరస్కరిస్తే ఈ తప్పు మొదటి రోజే బయటపడుతుంది.

తర్వాత యూడీపీ ముక్కలు. సర్టిఫికెట్ గొలుసు పెద్దదైతే రేడియస్ పాకెట్ 1500 బైట్లు దాటి రెండు ముక్కలవుతుంది. దారిలో ఫైర్‌వాల్ రెండో ముక్కను పారేస్తే లాగ్‌లో అభ్యర్థన మొదలైనట్టు ఉంటుంది, ముగిసినట్టు ఉండదు. గొలుసును చిన్నది చేయండి, 1812 పోర్టుకు ముక్కలను అనుమతించండి, లేదా టీసీపీ 2083 మీద నడిచే రాడ్‌సెక్‌కు మారండి.

పిల్లల ఫోన్లలో 'సర్టిఫికెట్ సరిచూడొద్దు' అని పెట్టించకండి. అదే పేరుతో ఎవడైనా దొంగ వైఫై పెడితే పాస్‌వర్డులు నేరుగా వాడి చేతికి పోతాయి. ఎడ్యురోమ్ క్యాట్ లేదా గెట్‌ఎడ్యురోమ్ యాప్‌తో సెట్టింగులు ఇవ్వండి.

ఐపీవీ6 ఇప్పుడే కావాలా?

కావాలి. /48 ఒక్కటి వస్తే 65,536 సబ్‌నెట్లు దొరుకుతాయి, ప్రతి వీలాన్‌కూ (స్విచ్‌లో విడగొట్టిన ఉప నెట్‌వర్క్‌కూ) ఒక /64 ఇవ్వండి. నెట్‌వర్క్ తప్పుల కబుర్లు మోసే ఐసీఎంపీవీ6ను మొత్తంగా మూసేయడం ఎక్కువమంది చేసే పొరపాటు. 'పాకెట్ పెద్దదైంది' అన్న కబురు అందక పేజీలు సగంలో నిలిచిపోతాయి. స్విచ్‌లలో ఆర్‌ఏ గార్డ్ పెట్టండి, లేదంటే ఇంటర్నెట్ షేరింగ్ ఆన్ చేసిన ఒక్క ల్యాప్‌టాప్ వీలాన్ మొత్తానికీ తానే రూటర్‌నని చెప్పుకుంటుంది.

లాగ్‌లు ఎన్నాళ్లు ఉంచాలి?

దేశ సైబర్ భద్రత సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజులు. గడియారాలు ఎన్ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ఎన్‌టీపీకి అనుగుణంగా ఉండాలి. సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో సర్ట్-ఇన్‌కు తెలపాలి. నాట్ (ఒకే బయటి అడ్రస్‌ను లోపల చాలామంది పంచుకునే పద్ధతి) వాడితే ఏ లోపలి అడ్రస్‌కు ఏ పోర్టు ఏ క్షణంలో ఇచ్చారో కూడా రాయించండి, అది లేకుండా మిగతా లాగ్‌తో మనిషిని గుర్తించలేరు.

ఫిర్యాదు పంపితే 'మా వైపు అంతా బాగుంది' అని మూసేస్తున్నారు. ఏం రాయాలి?

'నెట్ స్లోగా ఉంది' అని రాస్తే వాళ్లు వెతకడానికి ఏమీ ఉండదు. ఎప్పటి నుంచి అన్నది తేదీ, గంట, నిమిషంతో రాయండి. పంపే అడ్రస్, అందుకునే అడ్రస్, ఎమ్‌టీఆర్ రెండు దిశల్లోనూ, 100కు తక్కువ కాకుండా పాకెట్లతో పెట్టండి. బయటి రూటర్ పక్కనే కేబుల్‌తో చేసిన ఐపెర్ఫ్3 ఫలితం జతచేయండి. అది ఉంటే 'మీ వైఫై చూసుకోండి' అనే జవాబు రాదు. ఎస్ఎఫ్‌పీ అందుకుంటున్న వెలుగు ఎన్ని డీబీఎం, లింకు వేసిన రోజు ఎంత ఉండేదో రెండూ రాయండి. పర్ఫ్‌సోనార్ గ్రాఫు ఉంటే ముందు వారంతో కలిపి పంపండి. తిరుగు జవాబులో టికెట్ మూసినట్టు వస్తే, అదే టెస్ట్ మళ్లీ చేసి, కొత్త అంకెలతో అదే టికెట్‌ను తెరిపించండి. కొత్త టికెట్ వేస్తే పాత వివరాలన్నీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వస్తుంది.